బయోమెడికల్ ఇంజనీరింగే ఎందుకు?

(ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఇచ్చిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులివి. బయోమెడికల్, అంటే వైద్య పరికరాలను తయారుచేసే, సరిచూసే ఇంజనీరింగ్, ఎందుకు రాసుకున్నావని ఏ విద్యార్థిని అడిగినా మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. నీట్‌లో ర్యాంకు రాలేదు, అయినా వైద్యరంగంలోనే ఉండాలని ఉంది. సీఎస్‌ఈ దొరకలేదు, ఇదేదో కొత్తగా ఉంది. టెక్నాలజీతో రోగులకు సేవ చేయాలని ఉంది. వీటిలో దేన్నీ తప్పుపట్టను, ఎవరి పరిస్థితి వాళ్లది. కానీ రెండో ఏడాదిలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పుస్తకం తెరిచి ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ లెక్కలు చేస్తూ కూర్చున్న రాత్రి ఈ మూడింటిలో ఏదీ మీకు తోడు రాదు. తోడొచ్చేది ఒక కచ్చితమైన ప్రశ్న. ఫలానా పరికరం ఫలానా చోట తప్పు ఎందుకు చూపిస్తోంది? దాన్ని సరిచేయాలంటే ఏం తెలియాలి? అలాంటి ప్రశ్న ఒక్కటి మీ చేతిలో ఉంటే నాలుగేళ్ల సిలబస్ దాని చుట్టూ చేరుతుంది. అలాంటి ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయో చూపించడానికే ఈ గంట.

పల్స్ ఆక్సీమీటర్‌తో మొదలుపెడదాం. కోవిడ్ వచ్చివెళ్లాక ఇది చూడని ఇల్లు తక్కువ. క్లిప్పులో వేలు పెడతాం, అంకె వస్తుంది. లోపల ఏం జరుగుతోంది? గోరు వైపు రెండు ఎల్‌ఈడీలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు. ఇంకొకటి 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనిపించదు. రెండూ చాలా వేగంగా వంతులవారీగా వెలిగి ఆరుతుంటాయి. రెండూ ఆరిన క్షణంలో అవతలి వైపున్న, కాంతిని కొలిచే ఫొటోడయోడ్ మీద పడేది గదిలోని వెలుతురు మాత్రమే. దాన్ని కొలిచి మిగతా రెండు కొలతల్లోంచి తీసేస్తారు. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎరుపును తక్కువగా, ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. సూత్రం ఇంతే.

అసలు చిక్కు ఇక్కడుంది. వేలిలో ఎముక ఉంది, కండ ఉంది, చర్మం ఉంది, సిరల్లో రక్తం ఉంది. అన్నీ కాంతిని పీల్చుకునేవే. మనకు కావలసింది ధమనుల్లోని రక్తం సంగతి ఒక్కటే. దాన్ని వేరుచేయడం ఎలా? గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉబ్బి తగ్గేది ధమనే కాబట్టి, ఫొటోడయోడ్‌కు అందే కాంతిలో నాడితో పాటు మారే భాగాన్ని పట్టుకుంటే చాలు. ఆ మారే భాగం మొత్తంలో 1, 2 శాతానికి మించదు. దాన్ని మారని భాగంతో భాగిస్తాం. ఎరుపుకి ఒక నిష్పత్తి, ఇన్‌ఫ్రారెడ్‌కి ఒక నిష్పత్తి వస్తాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదాన్ని ‘ఆర్’ అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఉండే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం 110లోంచి ఆర్‌కి 25 రెట్లు తీసేస్తే ఆక్సిజన్ శాతం వస్తుంది. ఆర్ 0.5 అయితే 97.5. ఆర్ 1 అయితే 85.

ఈ 85ని గుర్తుపెట్టుకోండి. రోగి చేయి వణుకుతోందనుకోండి, లేదా వేలు చల్లబడి నాడి బలహీనంగా ఉందనుకోండి. అప్పుడు ఎరుపులోనూ ఇన్‌ఫ్రారెడ్‌లోనూ ఒకే రకం అలజడి నిండిపోతుంది. రెండు నిష్పత్తులూ సమానమవుతాయి, ఆర్ 1కి చేరుతుంది, తెర మీద అంకె 85 వైపు జారుతుంది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా అలారం మోగుతుంది. బీపీ పట్టీ కట్టిన చేతికే క్లిప్పు పెట్టినా ఇదే గొడవ. పట్టీ బిగిసినప్పుడల్లా వేలికి నాడి అందదు. దీనికి భిన్నమైన ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. పొగలో చిక్కుకున్న మనిషి రక్తంలో ఆ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్ 660 దగ్గర అచ్చం ఆక్సిజన్ ఉన్నదానిలాగే ప్రవర్తిస్తుంది. మనిషి ప్రాణాపాయంలో ఉంటాడు, మీటరు మాత్రం 98 చూపిస్తుంది. రెండు రంగులతో మూడు రకాల హిమోగ్లోబిన్‌ను విడదీయలేం. అందుకు మరిన్ని తరంగదైర్ఘ్యాలు కావాలి. సమీకరణాల సంఖ్యా, తెలియని రాశుల సంఖ్యా అని మీరు పదో తరగతిలో చదివిందే ఇక్కడ పనికొచ్చేది.

దీన్ని కనిపెట్టింది జపాన్‌లో నిహాన్ కోడెన్ కంపెనీలో పనిచేసిన టకువో అయోయాగి, 1974లో. ఆయన అప్పుడు చేస్తున్న పని వేరు. రక్తంలోకి రంగు ద్రవం ఎక్కించి, చెవి దగ్గర కాంతితో దాని పలచబాటును చూస్తూ గుండె ఎంత రక్తం పంపుతోందో కొలవాలన్నది ఉద్దేశం. నాడి కొట్టుకోవడం వల్ల రీడింగు గీత అదురుతూ ఉండేది. ఆ అదురును తీసేయడానికి కుస్తీపడుతూ, ధమని రక్తం గురించిన సమాచారమంతా ఆ అదురులోనే ఉందని గ్రహించారు. సిగ్నల్ ప్రాసెసింగ్ ఎందుకు చదవాలి అని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు.

కథ అక్కడితో అయిపోలేదు. 110, 25 అన్న అంకెలు సిద్ధాంతం నుంచి పుట్టినవి కావు. ఆరోగ్యవంతులైన వలంటీర్లకు ఆక్సిజన్‌ను మెట్టు మెట్టుగా తగ్గిస్తూ, ధమని రక్తం తీసి పరీక్షించి, ఆర్‌తో పోల్చి పట్టిక తయారుచేస్తారు. ప్రాణానికి ముప్పు కాబట్టి 70 శాతం కంటే కిందికి ఎవరినీ దించరు. అందుకే ఆ కింది అంకెలు మీటరు చూపించినా నమ్మదగినవి కావు. ఇక ఆ వలంటీర్లు ఎవరన్నది మరో ప్రశ్న. 2020లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. మీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా రక్తపరీక్షలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం ఉంటే, నల్లవారిలో 11.7 శాతం ఉన్నాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొలతను తప్పుదారి పట్టిస్తోంది. మన ఊళ్లలో చర్మం రంగులు ఎన్ని ఉన్నాయో ఒకసారి చుట్టూ చూడండి. మన ఛాయలకు ఈ మీటరు ఎంత నిజం చెబుతోంది? ఈ ప్రశ్నతో ఎవరైనా బయోమెడికల్‌లోకి వస్తే వాళ్లకు కాంతి భౌతికశాస్త్రం కావాలి, రక్త ప్రసరణ తెలియాలి, ఎలక్ట్రానిక్స్ రావాలి, గణాంకశాస్త్రం కావాలి. ఈసీఈలో చేరితే ఇందులో రెండు దొరుకుతాయి. ఎంబీబీఎస్‌లో ఇంకో రెండు. నాలుగూ ఒకే టేబుల్ మీద పెట్టే కోర్సు ఇది.

రెండో ఉదాహరణ మరీ సాదాగా కనిపిస్తుంది. పచ్చకామెర్లు వచ్చిన పసిబిడ్డను నీలం లైటు కింద పడుకోబెట్టడం చాలామంది చూసే ఉంటారు. బిడ్డ రక్తంలో పెరిగిన బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని ఆ కాంతి నీటిలో కరిగే రూపంలోకి మారుస్తుంది, శరీరం బయటికి పంపేస్తుంది. పనిచేసేది 460 నుంచి 490 నానోమీటర్ల నీలం. ముదిరిన కామెర్లకు బిడ్డ ఒంటి మీద పడే తీవ్రత చదరపు సెంటీమీటరుకు, నానోమీటరుకు కనీసం 30 మైక్రోవాట్లు ఉండాలి. ఇప్పుడు చూడండి చిక్కు. ట్యూబులు పాతబడేకొద్దీ ఈ తీవ్రత పడిపోతుంది, అయినా కంటికి నీలంగా, ప్రకాశంగానే ఉంటాయి. నర్సుకి తేడా తెలియదు, తల్లికి అసలే తెలియదు. బిడ్డ లైటు కింద గంటల తరబడి ఉంటుంది, బిలిరుబిన్ మాత్రం దిగదు.

దీన్ని కొలవాలి. లక్స్ మీటరుతో కొలిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. లక్స్ అనేది మనిషి కంటికి కనిపించే వెలుగు లెక్క. మన కన్ను 555 నానోమీటర్ల ఆకుపచ్చ దగ్గర అత్యంత చురుగ్గా, నీలం దగ్గర మందంగా ఉంటుంది. గదిలోని మామూలు వెలుతురు కూడా కలిసి ఉంటే, నీలం తీవ్రత సగానికి పడిపోయినా లక్స్ మీటరు పెద్దగా పట్టించుకోదు. ఫొటోథెరపీ, అంటే ఈ కాంతి చికిత్స కోసమే చేసిన, ఒంటి మీద పడే ఆ నీలం తీవ్రతను కొలిచే ఇర్రేడియన్స్ మీటరు కావాలి. దాన్ని బిడ్డ పడుకునే ఎత్తులో పెట్టి, మధ్యలో ఒకచోటే కాకుండా నాలుగు మూలల్లోనూ కొలవాలి. లైటును పది సెంటీమీటర్లు పైకి జరిపితే తీవ్రత ఎంత తగ్గిందో రాసుకోవాలి. కవరు మీద దుమ్ము తుడిచి మళ్లీ కొలవాలి. లైటు ఎన్ని గంటలు వెలిగిందో చూపే మీటరు ఉంటే తయారీదారు చెప్పిన పరిమితితో పోల్చాలి. ఆసుపత్రిలో క్లినికల్ ఇంజనీర్ చేసే పని ఇదే. ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ ఈ కొలత తీయకపోతే ఆ బిడ్డకు రక్తమార్పిడి దాకా వెళ్లొచ్చు. బిలిరుబిన్ మెదడుకు చేరితే జీవితాంతం ఉండే నష్టం.

మన దేశంలో ఈ పని ఎంత మిగిలి ఉందో ఒక్క లెక్క చెబుతాను. 2015 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం పరికరాల నిర్వహణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు 29,115 ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు లెక్కతేలాయి. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం దాకా పనిచేయకుండా పడి ఉన్నాయి. అలా పడి ఉన్నవన్నీ పెద్ద రోగంతో పడి ఉండవు. ఫ్యూజు పోయి, బ్యాటరీ చచ్చిపోయి, గాలి పైపుకు చిల్లుపడి, వాడేవాళ్లకు నేర్పకపోవడం వల్ల మూలపడినవీ ఉంటాయి.

ఇక కొత్త పరికరం తయారుచేయడం మాట. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో కృత్రిమ గుండె కవాటం తయారుచేశారు. కీళ్లవాతపు జ్వరంతో కవాటాలు దెబ్బతిన్న పేద యువకులు మన దేశంలో ఎక్కువ. దిగుమతి కవాటం వాళ్లకు అందని ధర. లోహపు చట్రంలో ఒక బిళ్ల వాలుతూ తెరుచుకుని మూసుకునే డిజైన్ అది. చెప్పడానికి సులువే. గుండె ఏడాదికి మూడున్నర కోట్లసార్లకు పైగా కొట్టుకుంటుంది, ఆ బిళ్ల అన్నిసార్లూ పడిలేవాలి. మొదటి నమూనాలో వెల్డింగ్ చేసిన చోట లోహపు కాడ విరిగింది. రెండోదాంట్లో కృత్రిమ నీలమణి బిళ్ల పెట్టారు. అది ఎంత గట్టిదంటే టైటానియం చట్రాన్నే అరగదీసింది. మూడోదాంట్లో గట్టి చట్రం పెడితే జంతువుల్లో పరీక్షించేటప్పుడు నీలమణి బిళ్లే పగిలింది. నాలుగోసారి ఆలోచన తిరగేశారు. గట్టి బిళ్ల బదులు, అత్యధిక అణుభారం ఉన్న పాలిథిలీన్ ప్లాస్టిక్ బిళ్ల పెట్టి, చట్రాన్ని హేన్స్-25 అనే కోబాల్ట్ మిశ్రలోహంతో చేశారు. బిళ్ల తన చుట్టూ తాను తిరిగేలా వదలడం వల్ల అరుగుదల ఒకేచోట పడకుండా అంచంతా సర్దుకుంటుంది. 1990 డిసెంబర్ 6న దాన్ని మొదటిసారి మనిషికి అమర్చారు. మెటీరియల్స్ సైన్స్ పేపరు బోరు అనేవాళ్లు ఈ నాలుగు నమూనాలను వరసగా గీసి, ప్రతిదాని పక్కనా విరిగిన భాగం, విరిగిన కారణం రాసుకోండి. సగం సిలబస్ అందులోనే వస్తుంది.

మన హైదరాబాద్‌లోనూ ఇలాంటిది ఉంది. కలాం గారు క్షిపణి ప్రయోగశాలలో ఉన్నప్పుడు నిమ్స్‌లోని ఎముకల వైద్యుడొకరు అక్కడి తేలికపాటి మిశ్రపదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఆయన్ని తమ వార్డుకు తీసుకెళ్లారు. పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లు, అంటే కాలికి ఆసరాగా కట్టే చట్రాలు, ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయని కలాం గారే ప్రసంగాల్లో చెప్పేవారు. పదార్థం అప్పటికే ఉంది, అవసరమూ ఉంది. రెండింటి మధ్య నడిచిన మనిషి దొరకడానికే అంతకాలం పట్టింది.

సరే, మీకు ఈ కోర్సు నిజంగా సరిపోతుందో లేదో చేరకముందే తేల్చుకునే పరీక్ష ఒకటి చెబుతాను. గుండె విద్యుత్తును గీతగా చూపే ఈసీజీ సర్క్యూట్ కట్టండి. రెండు 9 వోల్టుల బ్యాటరీలు, రెండు తీగల మధ్య ఉండే చిన్న తేడాను పెంచే ఒక ఏడీ620 ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ చిప్, సిగ్నల్‌ను పెంచే ఒక మామూలు ఆప్-యాంప్ చిప్, టంకం లేకుండా భాగాలు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డు, ఒంటికి అంటించే జెల్ ఉన్న మూడు ఎలక్ట్రోడ్లు. గుండె నుంచి చర్మం మీదికి వచ్చేది ఒక మిల్లీవోల్టు. దాన్ని వెయ్యి రెట్లు పెంచాలి. వెయ్యి రెట్లూ మొదటి చిప్‌లోనే పెంచేద్దాం అనుకుంటారు, అక్కడే చెడిపోతుంది. ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య 300 మిల్లీవోల్టుల దాకా స్థిరమైన వోల్టేజీ తేడా పుట్టొచ్చు. దాన్ని కూడా వెయ్యి రెట్లు పెంచబోతే చిప్ బ్యాటరీ వోల్టేజీకి కొట్టుకుని ఆగిపోతుంది. అందుకే మొదటి దశలో పది రెట్లే. ఏడీ620కి 5.6 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దాదాపు అంతే వస్తుంది. తర్వాత 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 330 కిలో ఓమ్‌లతో అర హెర్ట్జ్ కంటే కిందివి ఆపేయండి, ఆ స్థిర వోల్టేజీ పోతుంది. ఆ తర్వాత వంద రెట్లు పెంచండి. చివర 39 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్‌తో 40 హెర్ట్జ్ పైన తగ్గించండి.

మొదటిసారి గుండె గీత కనిపించదు. ఇంటి కరెంటు (మెయిన్స్) నుంచి చేరే 50 హెర్ట్జ్ గీత నిండుగా కనిపిస్తుంది. ఒక ఎలక్ట్రోడ్ బాగా అంటి, ఇంకొకటి వదులుగా ఉంటే రెండు వైపులా సమానంగా ఉన్న మెయిన్స్ అలజడి సమానంగా ఉండకుండా పోతుంది, యాంప్లిఫయర్ దాన్ని నిజమైన సిగ్నల్ అనుకుని పెంచేస్తుంది. చర్మం శుభ్రంగా తుడిచి, జెల్ ఎండిపోని ఎలక్ట్రోడ్లు వేసి, మూడోదాన్ని కుడికాలికి పెట్టి చూడండి. భుజాలు సడలించమనండి, లేకపోతే కండరాల వణుకు కలుస్తుంది.

ఒక హెచ్చరిక. ఇది ప్రాణానికి సంబంధించినది, చెవిన పెట్టండి. మనిషి ఒంటికి తగిలించిన సర్క్యూట్‌ను అడాప్టర్‌తో గానీ, ప్లగ్గులో ఉన్న ఆసిలోస్కోప్‌తో గానీ నేరుగా కలపకూడదు. లాప్‌టాప్‌లో చూడాలంటే చార్జర్ పీకేసి, బ్యాటరీ మీదే నడపండి. చర్మం మీద ఒక మిల్లీఆంపియర్ కరెంటు మనకు జివ్వుమని తెలుస్తుంది. రక్తనాళంలోంచి పంపే సన్నని గొట్టం, అంటే కాథెటర్ ద్వారా గుండెకు నేరుగా చేరితే అందులో పదో వంతు కూడా లయను చెడగొట్టగలదు. అందుకే గుండెకు నేరుగా తగిలే భాగాలకు మామూలు స్థితిలో కరెంటు లీకేజీ 10 మైక్రోఆంపియర్లు దాటకూడదని వైద్య విద్యుత్ పరికరాల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-1 పరిమితి పెట్టింది. యంత్రం మీద గుండె బొమ్మ ఉన్న చిన్న గుర్తు ఉంటే అర్థం ఇదే.

ఇప్పుడు ఆ 50 హెర్ట్జ్ గీతను చూసి మీకు చిరాకు వచ్చిందా, లేక దీన్ని ఎలాగైనా వదిలించాలని కూర్చున్నారా? కూర్చుంటే మీరు ఈ కోర్సుకు వచ్చేయొచ్చు. చిరాకేసి లేచిపోతే అందులో సిగ్గుపడాల్సింది లేదు, జీవశాస్త్రం మీద ఇష్టానికి వేరే దారులు చాలా ఉన్నాయి.

విశ్వవిద్యాలయాలకు మోటివేషన్ లెటర్, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాసేవాళ్లకు ఒక మాట. “చిన్నప్పటి నుంచి వైద్యమంటే ఆసక్తి” అని మొదలుపెట్టకండి, అలాంటివి వాళ్లు రోజుకు ఎన్నో చదువుతారు. ఒక పరికరం పేరుతో మొదలుపెట్టండి. అది ఏం కొలుస్తుంది, ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుందో మూడు నాలుగు వాక్యాల్లో చెప్పండి. మీరు ఇప్పటిదాకా ఏం కట్టారో, ఏ భాగం పనిచేయలేదో రాయండి. ఇంకా ఏం తెలియదో చెప్పి, ఆ విశ్వవిద్యాలయంలోని ఏ ల్యాబ్, ఏ కోర్సు ఆ ఖాళీని నింపుతుందో పేరుతో సహా రాయండి. అన్నిచోట్లకూ ఒకే ఉత్తరం పంపితే ఈ చివరి పేరా దగ్గర దొరికిపోతారు. ఇంట్లో ఎవరి అనారోగ్యమైనా మిమ్మల్ని ఇటు తెచ్చి ఉంటే రెండు వాక్యాల్లో చెప్పి, వెంటనే ఆ చికిత్సలో వాడిన యంత్రం దగ్గరికి రండి.

తల్లిదండ్రులు అడిగేది ఉద్యోగం గురించి. సూటిగా చెబుతాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లా వందల మందిని ఒకేసారి తీసుకునే క్యాంపస్ నియామకాలు ఇక్కడ తక్కువ. ఆసుపత్రుల్లో క్లినికల్ ఇంజనీర్, పరికరాల కంపెనీల్లో సర్వీస్, డిజైన్, నాణ్యత, నియంత్రణ అనుమతుల విభాగాలు. ఇవీ దారులు. 2017 వైద్య పరికరాల నియమాలు వచ్చాక పరికరాలను ముప్పును బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులుగా విడగొట్టారు, ఆ పత్రాలు తయారుచేయగలిగినవాళ్ల అవసరం పెరిగింది. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకి కేటాయించిన మెడ్‌టెక్ జోన్ ఉంది, వెళ్లి చూసి రండి. పీజీ చేయాలనుకుంటే గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపరు ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో బీఈ ఉంది.

బైపీసీ పిల్లలు ఒక్క విషయం గమనించాలి. కొన్ని కళాశాలల్లో మీకూ సీట్లు ఉంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. కానీ గణితం నుంచి తప్పించుకునే దారి ఇది కాదు. ఈ వేసవిలోనే అవకలనం, సమాకలనం, సంకీర్ణ సంఖ్యలు మొదలుపెట్టండి. ఎంపీసీ పిల్లలకు దీనికి సమానమైన గండం శరీరధర్మశాస్త్రం. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, ఈ మూడింటి పని తీరును బొమ్మ గీసి చెప్పగలిగితే మొదటి ఏడాది గట్టెక్కుతారు.

కళాశాల ఎంచుకునే ముందు బ్రోచర్ పక్కనపెట్టి ల్యాబ్ చూపించమని అడగండి. పరికరాల్లో కరెంటు లీకేజీని కొలిచే ఎలక్ట్రికల్ సేఫ్టీ ఎనలైజర్ ఉందా? రోగి సిగ్నళ్లను అనుకరించే పేషెంట్ సిమ్యులేటర్ ఉందా? ఉంటే బయటికి తీసి ఉందా, బీరువాలో తాళం వేసి ఉందా? విద్యార్థులు విప్పి చూడటానికి పాత మానిటర్, పాత సిరంజి పంపు ఏమైనా టేబుల్ మీద ఉన్నాయా? ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది, విద్యార్థి ఏ ఏడాదిలో, ఎన్ని వారాలు అక్కడికి వెళ్తాడు? ఈ ప్రశ్నలకు సీనియర్ విద్యార్థులు ఇచ్చే జవాబునే లెక్కలోకి తీసుకోండి.

ఈసీజీ సర్క్యూట్ బొమ్మ విలువలతో సహా బోర్డు మీద గీసి ఉంది, ఫొటో తీసుకోండి. ఇక మీ ప్రశ్నలు తీసుకుందాం. మొదట వెనక వరసల వాళ్లు అడగండి.